డాస్ బోర్డుకి నెట్‌వర్క్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తూకపు యంత్రాల్లో, ప్యాకింగ్ లైన్లలో, పరీక్షా పరికరాల్లో ఇంకా డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే బోర్డులున్నాయి. వాటికి ఈథర్నెట్ తగిలించి లెక్కలు పైకి పంపమని యాజమాన్యాలు అడుగుతున్నాయట. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ గొడవ గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మా దగ్గర 386 తరగతి పీసీ/104 బోర్డు (అరచేతిలో పట్టే పారిశ్రామిక పీసీ) ఉంది. 4 ఎంబీ ర్యామ్, ఎన్ఈ2000కి (పాత ఈథర్నెట్ కార్డు రకం) సరిపోలే లాన్ చిప్, రెండు సీరియల్ పోర్టులు. నాకు కాలేజీలో నేర్పిన టర్బో సీ వచ్చు. దీంట్లో టీసీపీ (నెట్‌వర్క్‌లో డేటా పంపే పద్ధతి) ప్రోగ్రామ్ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (పటాన్‌చెరు)

జవాబు: ముందు ఒక మాట తెలుసుకోండి. డాస్‌కి నెట్‌వర్క్ అంటే ఏమిటో తెలియదు. సాకెట్లు, నెట్‌వర్క్ డ్రైవర్లు, షెడ్యూలర్ (పనులకు వంతులు వేసే భాగం) ఏవీ అందులో లేవు. అవన్నీ మీ ప్రోగ్రామే మోయాలి. ఈ శీర్షికలో కనిపించే తిప్పలన్నిటికీ మూలం అదే.

కావలసినవి నాలుగు. డాస్‌గా ఫ్రీడాస్ పెట్టుకోండి, లైసెన్సు ఖర్చు లేదు. కార్డుతో మాట్లాడటానికి ప్యాకెట్ డ్రైవర్ కావాలి. ఎన్ఈ2000ది క్రిన్‌వర్ సేకరణలో దొరుకుతుంది. దాని పైన టీసీపీ/ఐపీ లైబ్రరీ ఉండాలి. మైకేల్ బ్రట్‌మన్ రాసిన ఎంటీసీపీ గానీ, వాట్‌టీసీపీ వంశానికి చెందిన వాట్-32 గానీ తీసుకోవచ్చు. ఇక కంపైలర్. ఎంటీసీపీ అయితే ఓపెన్ వాట్‌కామ్‌తోనే కట్టాలి. టర్బో సీ అలవాటు పోదంటే పాత వాట్‌టీసీపీ దానితో నడుస్తుంది. కానీ కొత్తగా మొదలుపెట్టేవారికి మా ఓటు వాట్‌కామ్‌కే. ఒక సంగతి మాత్రం మరవకండి. ఎంటీసీపీ లైసెన్సు జీపీఎల్ 3. మీ ప్రోగ్రామ్‌ని బోర్డుతో కలిపి అమ్మితే కొన్నవారికి సోర్స్ కూడా ఇవ్వాల్సి వస్తుంది. ఈ సంగతి యాజమాన్యానికి ముందే చెప్పండి, తరవాత తలనొప్పి ఉండదు.

డ్రైవర్ లోడ్ చేసే వరుస ఇది: పేరు, సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ సంఖ్య, కార్డు ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైను సంఖ్య), ఐఓ చిరునామా. మామూలుగా ఇంటరప్ట్ హెక్స్ (పదహారు ఆధారంగా రాసే అంకెలు) 60, చిరునామా హెక్స్ 300 ఇస్తారు. చాలామంది బోర్లాపడేది ఐఆర్‌క్యూ దగ్గరే. ఎన్ఈ2000 కార్డుల్లో ఐఆర్‌క్యూ 3 రివాజుగా వస్తుంది, మీ రెండో సీరియల్ పోర్టుదీ అదే. పింగ్ చక్కగా పోతూ ఉంటుంది, రెండో పోర్టు తెరవగానే నెట్‌వర్క్ మూగబోతుంది. కార్డును ముందే 5కో 10కో మార్చి, అదే అంకె డ్రైవర్‌కీ చెప్పండి.

తరవాత ఎంటీసీపీ కాన్ఫిగరేషన్ ఫైలు ఎక్కడుందో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాసి, ఆ ఫైలులో ప్యాకెట్ ఇంటరప్ట్, ఐపీ చిరునామా, నెట్‌మాస్క్, గేట్‌వే ఇవ్వండి. సొంత లాన్‌లో అయితే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ట సైజు) 1500 పెట్టుకోండి. ఏమీ ఇవ్వకపోతే 576తో నడుస్తుంది, పెద్ద ఫైళ్ల దగ్గర ఆ నెమ్మది తెలుస్తుంది. డీహెచ్‌సీపీ ప్రోగ్రామ్ ఉంది గానీ, అది చిరునామా తెచ్చి ఫైలులో రాసి వెళ్లిపోతుంది. గడువు దాటితే దాన్ని పొడిగించే నాథుడు ఉండడు. నెలల తరబడి ఆగకుండా నడిచే యంత్రానికి స్థిర చిరునామా ఇవ్వడమే మంచిది. లేదంటే రూటర్‌లో ఆ కార్డు మ్యాక్ (హార్డ్‌వేర్ చిరునామా) పేరున ఒకటి కేటాయించండి.

మీ కోడ్ పెట్టకముందే ఎంటీసీపీతో వచ్చే పింగ్, ఎఫ్‌టీపీ సర్వర్ ఆడించి చూడండి. ఎఫ్‌టీపీలో ఒక ఎంబీ ఫైలు అటూ ఇటూ చెక్కుచెదరకుండా పోయిందంటే తీగ, కార్డు, డ్రైవర్ మూడూ బాగున్నట్టే. ఆపైన ఏం జరిగినా తప్పు మీ కోడ్‌దే.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ 64 బిట్ విండోస్. టర్బో సీలో చేసిన ఈఎక్స్‌ఈ నడవనంటోంది. బోర్డు ఫ్యాక్టరీలో ఉంటుంది, పరీక్షించడం ఎలా? (విశాఖపట్నం)

జవాబు: 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడిపే భాగమే లేదు. పీసీలో ఇంకో పీసీని అనుకరించే వర్చువల్‌బాక్స్‌లో ఫ్రీడాస్ పెట్టండి. అడాప్టర్ రకం పీసీనెట్-ఫాస్ట్ 3 ఎంచుకుని, ఏఎమ్‌డీ పీసీనెట్ ప్యాకెట్ డ్రైవర్‌ని ఇంటరప్ట్ హెక్స్ 60 మీద లోడ్ చేయండి. ఎన్ఏటీ పద్ధతిలో (ల్యాప్‌టాప్ చాటున బయటికి వెళ్లడం) డీహెచ్‌సీపీ సాధారణంగా 10.0.2.15 ఇస్తుంది. బయటి యంత్రం నుంచి లోపలికి కనెక్షన్ రావాలంటే బ్రిడ్జ్ పద్ధతికి మారండి. లైబ్రరీకి మధ్యన ప్యాకెట్ డ్రైవర్ ఉంది కాబట్టి, ఇక్కడ నడిచిన ఈఎక్స్‌ఈని బోర్డులోకి అలాగే తీసుకెళ్లవచ్చు. మారేది డ్రైవర్ లోడ్ చేసే ఒక్క లైనే. అయితే ఇక్కడి వేగం చూసి మురిసిపోకండి. 386 మీద లెక్క వేరు.

ప్రశ్న: ప్యాకెట్ డ్రైవర్‌ని నేరుగా పిలిచే చిన్న మానిటర్ ప్రోగ్రామ్ రాశాను. మొదటిసారి బాగానే నడుస్తుంది. కంట్రోల్-సీ కొట్టి బయటికొచ్చి మళ్లీ నడిపితే ఒక్కోసారి ఎర్రర్ 10 వస్తుంది, ఒక్కోసారి బోర్డే బిగుసుకుపోతుంది. ఎందుకు? (బాలానగర్, హైదరాబాద్)

జవాబు: రెండూ ఒకే జబ్బు లక్షణాలు. మీరు డ్రైవర్‌లో నమోదు చేసుకుని, చెప్పకుండా వెళ్లిపోయారు.

నమోదు చేసేటప్పుడు ఏహెచ్ రిజిస్టర్‌లో 2 పెట్టి, ఏ రకం ప్యాకెట్లు కావాలో, అవి వచ్చినప్పుడు ఏ ఫంక్షన్‌ని పిలవాలో ఇస్తారు. డ్రైవర్ తిరిగి ఒక హ్యాండిల్ (గుర్తింపు సంఖ్య) ఇస్తుంది. ఐపీ రకం ప్యాకెట్లను ఒకసారి ఒకరికే ఇస్తుంది. ఎర్రర్ 10 అంటే ఆ రకం ఇప్పటికే ఎవరి చేతిలోనో ఉందని అర్థం. ఆ ఎవరో చనిపోయిన మీ పాత ప్రోగ్రామే. కంట్రోల్-సీ కొట్టగానే డాస్ దాని మెమరీ వెనక్కి తీసుకుంది, డ్రైవర్‌కి మాత్రం కబురు అందలేదు. తరవాత ప్యాకెట్ రాగానే అది పాత చిరునామాకే దూకుతుంది. అక్కడ ఇప్పుడు ఇంకేదో ఉంటుంది. లాన్‌లో సందడి తక్కువున్నప్పుడు ఎర్రర్‌తో సరిపోతుంది, ఎక్కువున్నప్పుడు బోర్డు పడుకుంటుంది.

కాబట్టి కంట్రోల్-సీ కొడితే డాస్ పిలిచే ఇంటరప్ట్ హెక్స్ 23 మీ చేతిలోకి తీసుకోండి. అందులో ఒక జెండా మాత్రమే ఎత్తండి, మెయిన్ లూప్ ఆ జెండా చూసి ఏహెచ్ 3తో హ్యాండిల్ వదిలేసి బయటికి రావాలి. ఇంటరప్ట్ హెక్స్ 24ని కూడా పట్టుకోవాలి. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. ఫ్లాష్ కార్డు చదవడంలో తప్పొస్తే డాస్ అబార్ట్, రీట్రై, ఫెయిల్ అని అడుగుతుంది. అక్కడ అబార్ట్ కొట్టినా ఇదే చావు. మీ హ్యాండ్లర్ ఎప్పుడూ ఫెయిల్ అని జవాబిచ్చేలా చేయండి, తప్పు మీ కోడ్‌కి తిరిగొస్తుంది.

పనిలో పనిగా ప్యాకెట్లు అందుకునే ఫంక్షన్ సంగతి కూడా. డ్రైవర్ దాన్ని ప్యాకెట్‌కి రెండుసార్లు పిలుస్తుంది. మొదటిసారి ఏఎక్స్‌లో 0, సీఎక్స్‌లో పొడవు ఉంటాయి. మీరు ఈఎస్:డీఐలో ఖాళీ బఫర్ చిరునామా ఇవ్వాలి. బఫర్ లేకపోతే రెండింట్లోనూ సున్నా పెట్టండి, ప్యాకెట్‌ని అది పారేస్తుంది. కాపీ అయ్యాక ఏఎక్స్‌లో 1తో రెండోసారి పిలిచి, బఫర్ నిండిందని డీఎస్:ఎస్ఐలో చూపిస్తుంది. ఇదంతా హార్డ్‌వేర్ ఇంటరప్ట్ మధ్యలో జరుగుతుంది. లోపల ప్రింట్‌ఎఫ్ వద్దు, మ్యాలక్ వద్దు, ఏ డాస్ పిలుపూ వద్దు. డాస్‌లోకి ఒకరు వెళ్లి ఉండగా రెండోవారు దూరితే అది తట్టుకోలేదు. డీఎస్ మీది కాదు కాబట్టి లోపలికి రాగానే మార్చుకోవాలి. స్టాక్ కూడా మీది కాదు. అందుకే ఆ ఫైలు వరకు స్టాక్ తనిఖీ ఆపేయండి. వాట్‌కామ్‌లో మైనస్ ఎస్ స్విచ్ ఇస్తే సరి, టర్బో సీలో అయితే టెస్ట్ స్టాక్ ఓవర్‌ఫ్లో టిక్కు తీసేయండి. లేకపోతే మొదటి ప్యాకెట్‌కే స్టాక్ ఓవర్‌ఫ్లో అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది, నిజానికి స్టాక్ నిక్షేపంగా ఉంటుంది.

ప్రశ్న: తూకం స్లిప్పు ప్రింట్ అయ్యేటప్పుడల్లా సర్వర్‌తో కనెక్షన్ తెగిపోతోంది. ప్రింటర్ సీరియల్, 9600 బాడ్. మధ్యలో డిలే 2000 కూడా వాడాను. (తణుకు)

జవాబు: 9600 బాడ్ అంటే సెకనుకి 960 అక్షరాలు. 40 అక్షరాల లైన్లు 30 ఉన్న స్లిప్పుకి సెకనుం పావు. దానికి మీ డిలే రెండు సెకన్లు కలపండి. అంతసేపూ లైబ్రరీని ఎవరూ పలకరించలేదు. ఎంటీసీపీలో ప్యాకెట్లు తీసే, ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకి కార్డు చిరునామా వెతికేది) నడిపే, టీసీపీ నడిపే పిలుపులు, వాట్‌టీసీపీలో టీసీపీ టిక్ పిలుపు మీ లూప్‌లో పదే పదే జరగాలి. అవి ఆగితే వచ్చిన ప్యాకెట్లు బఫర్లలోనే కూర్చుంటాయి. 20 బఫర్లు పెట్టారనుకోండి, సందడిగా ఉన్న లాన్‌లో ఊరందరి ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్‌లే వాటిని నింపేస్తాయి. మీ సర్వర్ పంపింది నేలపాలు. అది మళ్లీ పంపుతుంది, ఇంకా ఆగి మళ్లీ పంపుతుంది, చివరికి విసుగొచ్చి కనెక్షన్ మూసేస్తుంది.

బఫర్లు పెంచడం మందు కాదు. ఒక్కో బఫర్ 1514 బైట్లు, 20 పెడితేనే 30 కేబీ పోయింది. ర్యామ్ ఎంతున్నా డాస్ ప్రోగ్రామ్‌కి నేరుగా అందేది 640 కేబీయే.

డిలే, గెట్‌సీహెచ్, స్కాన్‌ఎఫ్ లాంటి ఆగే పిలుపులన్నీ తీసేయండి. ప్రింట్ చేయాల్సిన స్లిప్పును ఒక బఫర్‌లో పెట్టి, లూప్ తిరిగినప్పుడల్లా సీరియల్ చిప్ ఖాళీగా ఉందేమో చూసి కాస్త తినిపించండి. చిప్ 16550 అయితే దాని క్యూలో ఒకేసారి 16 బైట్లు పడతాయి, అవి బయటికి పోవడానికి దాదాపు 17 మిల్లీ సెకన్లు. ఆలోగా లూప్ ఒక చుట్టు తిరిగి వస్తే చాలు, ప్రింటర్ ఆగదు, నెట్‌వర్కూ ఆగదు. రెండు సెకన్లు ఆగాల్సిన చోట టైమ్ గుర్తుపెట్టుకుని వెళ్లిపోండి, మళ్లీ వచ్చినప్పుడు గడిచిందా అని చూడండి.

బోర్డులో వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ తట్టకపోతే బోర్డును రీసెట్ చేసే గడియారం) ఉంటే దాన్ని తట్టే పని కూడా ఈ లూప్‌లో ఒకే ఒక్క చోట ఉండాలి. కొందరు టైమర్ ఇంటరప్ట్‌లో పెడతారు. మెయిన్ ప్రోగ్రామ్ చచ్చిపడున్నా టైమర్ మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది, వాచ్‌డాగ్ అంతా క్షేమమే అనుకుంటుంది. అలా పెట్టేకన్నా పెట్టకపోవడమే నయం.

ప్రశ్న: పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే కంట్రోలర్) నుంచి మాడ్‌బస్ టీసీపీ (ఫ్యాక్టరీ పరికరాలు మాట్లాడుకునే పద్ధతి)లో 8 రిజిస్టర్లు చదువుతున్నాను. జవాబు 25 బైట్లు రావాలి. ఒక్కోసారి 11 వస్తాయి, ఒక్కోసారి 50 వస్తాయి. లైబ్రరీలో బగ్గా? (విజయవాడ ఆటోనగర్)

జవాబు: లైబ్రరీ తప్పేమీ లేదు. టీసీపీ బైట్ల ధార, మీరు ఫ్రేములని ఊహించుకుంటున్నారు. మీ ప్రశ్న తీగ మీద ఇలా వెళ్తుంది: 00 01 00 00 00 06 01 03 00 00 00 08. జవాబు మొదలు ఇలా ఉంటుంది: 00 01 00 00 00 13 01 03 10. ఆ పైన 16 బైట్ల డేటా. ఇందులో ఐదు, ఆరు బైట్లు, అంటే 00 13, తమ తరవాత ఎన్ని వస్తాయో చెబుతాయి. హెక్స్ 13 అంటే 19. ముందున్న ఆరు కలిపితే 25.

వచ్చినవన్నీ ఒక బఫర్ చివర చేర్చండి. ఆరు కూడా లేకపోతే ఆగండి. ఉంటే పొడవు చదివి ఆరు కలపండి. మొత్తం 260 దాటినా, మూడు నాలుగు బైట్లు సున్నాలు కాకపోయినా వరుస తప్పిందని లెక్క, కనెక్షన్ మూసి మళ్లీ తెరవండి. సరిపడా వచ్చి ఉంటే ఒక ఫ్రేము తీసి వాడుకుని, మిగిలినవి ముందుకు జరిపి, మళ్లీ మొదటినుంచి చూడండి. 50 వచ్చినప్పుడు ఈ లూప్ రెండుసార్లు తిరుగుతుంది, అంతే.

ఇంకో రెండు గోతులు. మాడ్‌బస్‌లో పెద్ద బైటు ముందు వస్తుంది, ఇంటెల్‌లో చిన్నది ముందు. 00 13ని నేరుగా ఇంటిజర్‌గా చదివితే 4864 వస్తుంది, మీ ప్రోగ్రామ్ రాని బైట్ల కోసం కూర్చుంటుంది. రెండోది, మాడ్‌బస్ హెడర్ 7 బైట్లు, బేసి సంఖ్య. స్ట్రక్చర్‌తో చదివితే కంపైలర్ మధ్యలో ఒక బైటు ఇరికించవచ్చు. ప్యాక్ 1 అని ప్రాగ్మా రాయండి. స్ట్రక్చర్ మానేసి బైటు బైటుగా చదివితే ఇంకా మేలు.

ప్రశ్న: రోజూ అర్ధరాత్రి అన్ని కనెక్షన్లూ ఒక్కసారిగా తెగుతున్నాయి. అప్పుడప్పుడు తేదీ కూడా ఒకరోజు వెనకబడుతోంది. (నాచారం)

జవాబు: బయాస్ (బోర్డు చిప్‌లోనే ఉండే మూల ప్రోగ్రామ్) గడియారపు టిక్కుల్ని సెగ్మెంట్ హెక్స్ 40, ఆఫ్‌సెట్ హెక్స్ 6సీ దగ్గర లెక్కపెడుతుంది. సెకనుకి 18.2, రోజుకి 1573040. అర్ధరాత్రి అది సున్నా అవుతుంది. మీ టైమౌట్ 1573000 దగ్గర మొదలైందనుకోండి. 50 టిక్కులు, అంటే మూడు సెకన్లలోపే గడిచాక లెక్క 10 చూపిస్తుంది. 10లోంచి 1573000 తీసేస్తే, గుర్తు లేని 32 బిట్ల లెక్కలో 429 కోట్లు దాటిన సంఖ్య వస్తుంది. ప్రతి టైమర్‌కీ గడువు దాటిపోయినట్టే. కొత్త లెక్క పాతదానికన్నా తక్కువైతే 1573040 కలిపి తీసేయండి. లేదా ఇంటరప్ట్ హెక్స్ 1సీ పట్టుకుని సొంత 32 బిట్ కౌంటర్ నడపండి. అది నిండి తిరగడానికి ఏడేళ్లు పైన పడుతుంది. చదివేటప్పుడు మాత్రం ఇంటరప్టులు ఆపి చదవండి. 16 బిట్ కోడ్ 32 బిట్లను రెండు ముక్కలుగా తెస్తుంది, మధ్యలో టిక్ పడితే పాత పైముక్క, కొత్త కిందిముక్క అతుక్కుంటాయి. నెలకోసారి కనిపించే వింత బగ్గులు ఇలాంటివే. ప్రోగ్రామ్ ముగించేముందు పాత వెక్టర్ (హ్యాండ్లర్ చిరునామా) తిరిగి పెట్టడం మరవకండి.

తేదీ సంగతి వేరు. అర్ధరాత్రి దాటిందని బయాస్ ఒక జెండా ఎత్తుతుంది, డాస్ దాన్ని చూసి తేదీ మారుస్తుంది. మీ ప్రోగ్రామ్ టిక్కుల కోసం ఇంటరప్ట్ హెక్స్ 1ఏ, ఏహెచ్ 0 పిలిస్తే ఆ జెండా మీకే వచ్చి, అక్కడితో దిగిపోతుంది. డాస్ చూసేసరికి ఏమీ ఉండదు. టిక్కుల్ని మెమరీ నుంచి నేరుగా చదవండి. రోజుకోసారి ఎస్‌ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ నుంచి టైమ్ తెచ్చే పద్ధతి) గడియారం సరిచేసుకోండి. టైమ్ జోన్ వేరియబుల్‌లో మన దేశానికి ఐఎస్‌టీ తరవాత మైనస్ 5:30 రాయాలి. ముందుకు కదా అని మైనస్ లేకుండా రాస్తే గడియారం 11 గంటలు వెనక్కి పోతుంది.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా లాగ్ ఫైలు సున్నా బైట్లు చూపిస్తోంది. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మార్చినా అంతే. (అనంతపురం)

జవాబు: కార్డుది కాదు తప్పు. ఫైలు మూసేదాకా డాస్ దాని కొత్త పొడవును డైరెక్టరీలో రాయదు. డేటా కార్డు మీద పడి ఉంటుంది, పొడవు మాత్రం సున్నా. చెక్‌డిస్క్ పెడితే పోయిన క్లస్టర్లని చూపించేది ఆ డేటానే.

ఎఫ్‌ఫ్లష్ ఒక్కటీ చాలదు, అది సీ లైబ్రరీ బఫర్‌ని డాస్‌కి ఇచ్చి ఊరుకుంటుంది. దాని తరవాత ఇంటరప్ట్ హెక్స్ 21, ఏహెచ్ హెక్స్ 68 పిలిస్తే డాస్ కార్డు మీద రాస్తుంది. ఇంతకన్నా గట్టి పద్ధతి, ఫైలును ముందే పూర్తి సైజులో సున్నాలతో నింపి పెట్టుకోవడం. ఒక ఎంబీ ఫైలు, 64 బైట్ల రికార్డులు అనుకుంటే 16384 రికార్డులు, నిమిషానికొకటి చొప్పున 11 రోజులు. చివరికొచ్చాక మళ్లీ మొదటినుంచి రాయండి. ఫైలు పెరగదు కాబట్టి ఫ్యాట్ (క్లస్టర్ల పట్టిక) మారదు, పొడవు మారదు. ప్రతి రికార్డులో వరుస సంఖ్య, చెక్‌సమ్ ఉంచండి. బోర్డు లేవగానే అన్నీ చదివి, చెక్‌సమ్ సరిపోయినవాటిలో పెద్ద సంఖ్య ఎక్కడుందో చూసి దాని పక్కనుంచి కొనసాగండి. సెక్టారు 512 బైట్లు, అందులో సరిగ్గా 8 రికార్డులు పడతాయి. అందుకే 64 అన్నాం, 60 అంటే కొన్ని రికార్డులు రెండు సెక్టార్ల మీద పడతాయి. డిస్క్ క్యాష్ ప్రోగ్రామ్ స్మార్ట్‌డ్రైవ్ వాడుతుంటే రాతల క్యాష్ ఆపేయండి.

ప్రశ్న: ఈ బోర్డు నుంచి క్లౌడ్‌కి నేరుగా టీఎల్ఎస్ (గుప్తీకరణ)తో పంపవచ్చా? (గచ్చిబౌలి)

జవాబు: ఈ తరగతి బోర్డుల్లో ఆ ప్రయత్నం వద్దు. 2048 బిట్ల కీలతో మొదటి కరచాలనానికే అవతలివాడి ఓపిక అయిపోతుంది. బోర్డు మామూలు ఎంక్యూటీటీ (చిన్న సందేశాలు పంపే పద్ధతి)లో 1883 పోర్టుకి పంపనివ్వండి. అదే ప్యానెల్‌లో ఒక చిన్న లినక్స్ పెట్టె పెట్టి, మస్కిటో అనే ఎంక్యూటీటీ సర్వర్ బ్రిడ్జ్ ద్వారా 8883 మీద టీఎల్ఎస్‌తో పైకి పంపండి. బోర్డుకీ పెట్టెకీ మధ్య తీగ విడిగా ఉండాలి, ఆఫీసు లాన్‌లో కలపొద్దు.

ప్రశ్న: బెక్ వారి ఎస్‌సీ12 చిప్ మీద పాత పరికరం ఒకటి చేతికొచ్చింది. దీనికి ఏ ప్యాకెట్ డ్రైవర్ వేయాలి? (కూకట్‌పల్లి)

జవాబు: ఏదీ అక్కర్లేదు. 32 కాళ్ల ఆ చిప్‌లో 20 మెగాహెర్ట్జ్ 186 తరగతి ప్రాసెసర్, 512 కేబీ ర్యామ్, 512 కేబీ ఫ్లాష్ ఉన్నాయి. డాస్ తరహా ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్)లోనే టీసీపీ/ఐపీ కలిసి వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఇంటరప్టులతో పిలుచుకోవడమే. 16 బిట్ ఈఎక్స్‌ఈని ఎఫ్‌టీపీలో పంపి, ఆటోఎగ్జిక్‌లో పేరు రాస్తే నడుస్తుంది. కానీ ఇది పీసీ కాదు. వీడియో మెమరీ లేదు కాబట్టి టర్బో సీ కోనియో (స్క్రీన్ మీద రాసే) ఫంక్షన్ల జోలికి పోవద్దు. సొంత ఇంటరప్ట్ హ్యాండ్లర్లు రాసేవారు పోర్టు హెక్స్ 20కి ఎండ్ ఆఫ్ ఇంటరప్ట్ పంపే అలవాటు మానుకోవాలి. అక్కడ పీసీలోని ఇంటరప్ట్ చిప్ 8259 లేదు. 186 కుటుంబంలో ఆ రిజిస్టర్ మామూలుగా హెక్స్ ఎఫ్ఎఫ్22 దగ్గర ఉంటుంది, తప్పు పోర్టుకి రాస్తే మొదటి ఇంటరప్ట్ వస్తుంది, రెండోది రాదు.